ఒకటి నుంచి ఐదో తరగతి దాకా: దసరాలోగా మీ పిల్లలకు ఏం రావాలి, ఇంట్లోనే ఎలా చూసుకోవాలి

బడి జూన్ 12న తెరిస్తే, దసరా సెలవులు వచ్చేసరికి మూడు నెలలు దాటిపోతాయి. ఈ మధ్యలో ఎఫ్ఏ అనే చిన్న పరీక్షలు పెడతారు, ప్రోగ్రెస్ కార్డు ఇంటికొస్తుంది, మనం మార్కులు చూసి సంతకం పెట్టి పంపేస్తాం. ఇరవైకి పదహారు వచ్చాయంటే బాగానే చదువుతున్నట్టు అనుకుంటాం. ఆ పదహారులో పిల్లకు నిజంగా వచ్చిందెంత, బట్టీ పట్టిందెంత అన్నది మాత్రం కార్డులో కనపడదు.

నేను చిన్న తరగతుల టీచర్ని. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ చెప్పాను, ఎక్కువ ఏళ్లు ఒకటి, రెండు తరగతులతోనే గడిచాయి. ఇన్నేళ్లలో నాకు గట్టిగా అర్థమైంది ఒకటే. ప్రతి తరగతిలో ఒకటో రెండో అసలు విషయాలుంటాయి. అవి వస్తే మిగతావి వాటి వెనకే వస్తాయి. అవి రాకుండా పై తరగతికి వెళ్తే ట్యూషన్ పెట్టించినా పిల్ల అక్కడే ఆగిపోతుంది. ఆ విషయాలేంటి, అవి వచ్చాయో లేదో పది నిమిషాల్లో ఎలా తెలుస్తుంది, రాకపోతే ఏం చేయాలి అన్నది ఇక్కడ చెబుతాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ సిలబస్‌ను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. సీబీఎస్ఈ బడిలో చదివే పిల్లలకు కూడా లెక్కల వరకూ ఇదే దారి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒకే పొడవున్న చీపురు పుల్లలు గానీ ఐస్‌క్రీం పుల్లలు గానీ ఓ వంద, పది రబ్బరు బ్యాండ్లు, గుప్పెడు చింతపిక్కలు, కాస్త చిల్లర, వెనక తెల్లగా ఉండే పాత క్యాలెండర్ కాగితాలు. వీటితో పాటు పిల్ల ఈ ఏడాది పుస్తకం, కిందటి తరగతి పుస్తకం. పాతది ఎవరికో ఇచ్చేసి ఉంటే, బడి పుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది.

సమయం చాలా ముఖ్యం. సాయంత్రం బడి నుంచి అలసిపోయి వచ్చినప్పుడు వద్దు. ఆదివారం టిఫిన్ తిన్నాక కూర్చోండి. "నీకు పరీక్ష పెడతాను రా" అనకండి, ఆ మాట వినగానే సగం పిల్లలకు వచ్చింది కూడా మర్చిపోతారు. పక్కన అన్నయ్యో అక్కో కూర్చుని జవాబులు అందిస్తుంటే వాళ్లను కాసేపు బయటికి పంపండి.

ఇంకో మాట. ప్రభుత్వ బడిలో ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు మాత్రమే ఉంటాయి. పరిసరాల విజ్ఞానం మూడో తరగతి నుంచి, హిందీ ఆరో తరగతి నుంచి మొదలవుతాయి. పక్కింటి పాప ప్రైవేటు బడిలో ఏడు పుస్తకాలు మోస్తోంది, మనవాడికి మూడేనా అని దిగులు పడకండి. ఆ వయసుకు ఆ మూడు చాలు.

మొదటి అడుగు: తరగతిని పక్కన పెట్టి, పిల్ల ఏ మెట్టు మీద ఉందో చూడండి

మీ పాప నాలుగో తరగతి అయినా సరే, చూడటం కింది నుంచే మొదలుపెట్టండి. పల్లెల్లో పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే, వార్తల్లో వినే అసర్ సర్వేలో 2005 నుంచి చేస్తున్నది కూడా ఇదే. అక్షరాలు, తర్వాత చిన్న పదాలు, తర్వాత ఒకటో తరగతి స్థాయి పేరా, ఆ తర్వాత రెండో తరగతి స్థాయి కథ. ఎక్కడ ఆగితే అదే పిల్ల ఉన్న మెట్టు. తెలంగాణలో 2022 ఆగస్టు నుంచి నడిచిన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఇలా పిల్లల స్థాయి చూసి అక్కడి నుంచి చదివించాలన్న ఆలోచనతో వచ్చిందే.

కిందటి తరగతి పుస్తకంలో పిల్లకు కంఠతా రాని పేజీ ఒకటి తీయండి. చదవమనండి. ఇప్పుడు నోటిని కాదు, వేలిని చూడండి. బాగా గుర్తున్న పాఠమైతే వేలు మొదటి వరుసలోనే ఉంటుంది, నోరు మూడో వరుస దాటిపోతుంది. అది చదవడం కాదు, వల్లించడం. అప్పుడు ఆ పేరాలో నుంచే ఒక పదాన్ని చివరి నుంచి, ఒకదాన్ని మధ్య నుంచి చూపించి "ఇదేంటమ్మా?" అని అడగండి. ఒకసారి రెండో తరగతి బాబు ఒకడు నా దగ్గర పాఠం మొత్తం గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. అందులోనే ఉన్న "కాకి" అనే పదాన్ని కాగితం మీద విడిగా రాసి చూపిస్తే చాలాసేపు చూసి "పక్షి బొమ్మ ఏది టీచర్?" అన్నాడు. వాడు ఏడాదంతా చదివింది బొమ్మల్ని. దాన్ని నేను అంత ఆలస్యంగా కనిపెట్టానే అని ఇప్పటికీ బాధే.

చిన్న తరగతుల పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021 జులై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో కొన్ని లక్ష్యాలు పెట్టారు. ఏడాది చివరికి ఒకటో తరగతి పిల్లలు కొత్త పాఠంలో నాలుగైదు సులువైన పదాలున్న వాక్యం చదవాలి, 99 వరకు అంకెలు రావాలి. రెండో తరగతికి 999 వరకు, మూడో తరగతికి 9999 వరకు. చదివే వేగం రెండో తరగతిలో నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతిలో 60 పదాలకు తగ్గకుండా. ఈ వేగం లెక్కను తెలుగుకు మక్కికి మక్కి పట్టుకోకండి. మన పదాలు పొడవు. "వెళ్లిపోతున్నాడు" అన్నది మనకు ఒక్క పదమే, దానిలో ఎన్ని ఒత్తులు, ఎన్ని గుణింతాలు! అందుకే ఫోన్‌లో టైమర్ పెట్టి పిల్లను పరుగెత్తించొద్దు. తడబడకుండా, అర్థమయ్యేలా చదువుతోందా అన్నదే చూడండి.

ఇవి ఏడాది ఆఖరి లక్ష్యాలు. దసరాకు వీటిలో సగం దూరం వస్తే చాలు. ఇక ఒక్కో తరగతి చూద్దాం.

ఒకటో తరగతి

మొదటి మూడు నెలలు ఎక్కువగా ఆటలు, పాటలు, బొమ్మల గురించి మాట్లాడించడమే ఉంటుంది. విద్యాప్రవేశ్ అని పన్నెండు వారాల సన్నద్ధత కార్యక్రమం ఇందుకే ఉంది. ఆగస్టులో తల్లులు వచ్చి "రెండు నెలలైంది టీచర్, ఒక్క అక్షరం రాయించలేదు" అంటుంటారు. వాళ్ల ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ ఐదారేళ్ల పిల్ల వేళ్లకు ఇంకా పట్టు రాదు. తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలు, వంపులు. ముందు సున్నాలు చుట్టించడం, చుక్కలు కలిపించడం, ముగ్గు పిండి ఇచ్చి వాకిట్లో నాలుగు చుక్కల ముగ్గు వేయించడం, చపాతీ పిండి పిసికించడం, ఇవన్నీ రాతకు ముందు చేయాల్సిన పనులే. పిల్ల పెన్సిల్‌ను గుప్పిట్లో బిగించి పట్టుకుంటే ఇంకా రాతకు తొందరపెట్టొద్దు.

దసరాకు ఏం చూడాలంటే, అక్షరాలు వరుసలో కాకుండా అటూ ఇటూ కలిపి అడిగితే చెప్పగలగాలి. అ ఆ ఇ ఈ పాటలాగా అందరూ చెబుతారు. కాగితం మీద "ప, ల, మ, అ, వ, న" అని ఎక్కడ పడితే అక్కడ రాసి చూపించండి. మన పిల్లలు తికమకపడేవి ముఖ్యంగా ప–వ–మ, న–స, ద–ధ–థ. ఒకదాని పక్కన ఒకటి రాసి "ఈ రెంటికీ తేడా ఎక్కడుందో వేలు పెట్టి చూపించు" అనండి. తేడాను వాళ్లంతట వాళ్లు కనిపెడితే మళ్లీ మర్చిపోరు. ఙ, ఞ, ఱ లాంటివి రాకపోయినా ఇప్పుడు పట్టించుకోనక్కర్లేదు, పదాల్లో అవి తగిలేది చాలా తక్కువ.

అక్షరాలన్నీ వచ్చేదాకా పదాలకు వెళ్లకుండా ఆగకండి. పది అక్షరాలు రాగానే గుణింతం లేని పదాలు మొదలుపెట్టొచ్చు: తల, వల, పలక, పడవ, గడప, ఊయల. గడప మీద కూర్చోబెట్టి "గడప" అని రాసి చూపించండి, ఆ పదం ఇక పోదు.

లెక్కల్లో అసలు విషయం లెక్కపెట్టడం. మా పిల్ల వంద దాకా చెబుతుందండీ అని చాలామంది గర్వంగా చెబుతారు. ఆ పిల్ల ముందు పదిహేను చింతపిక్కలు పోసి లెక్కపెట్టమనండి. నోరు వేలి కంటే ముందు పరుగెత్తి పదిహేడు అంటుంది, లేదా ఒకే పిక్కను రెండుసార్లు ముట్టుకుంటుంది. లెక్కపెట్టడం అయ్యాక "మొత్తం ఎన్ని?" అని అడగండి. కొందరు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. అంటే చివర చెప్పిన సంఖ్యే మొత్తం అన్న సంగతి ఇంకా అర్థం కాలేదన్నమాట. అది వచ్చేదాకా కూడికలు నేర్పి లాభం లేదు. పిక్కను ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేస్తూ లెక్కపెట్టించండి. వేయడం, చెప్పడం రెండూ కలిసి జరిగితే వారం పది రోజుల్లో కుదురుతుంది. దసరాకు ఇరవై వస్తువులు తప్పు లేకుండా లెక్కపెట్టి, పది లోపు కూడికలు వస్తువులతో చేస్తే ఒకటో తరగతి పిల్ల బాగా ఉన్నట్టే.

రెండో తరగతి

తెలుగు చదవడం నిలిచేదీ పడేదీ ఇక్కడే. గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు. గుణింతం కూడా పాటే అయిపోతుంది: క కా కి కీ అని మొత్తం చెప్పేస్తారు. కాబట్టి "తో, మీ, పు, కై, లే" అని వేరువేరు అక్షరాల గుణింతాలు కలిపి రాసి చూపించండి. ఎక్కువ మంది ఆగేది ఎత్వం–ఏత్వం, ఒత్వం–ఓత్వం దగ్గర. "కొడి" అని రాస్తే "కోడి" అనేస్తారు, అర్థం ఉన్న పదం కాబట్టి. రెండూ పక్కపక్కన రాసి, పైన గీత పొడవు మారితే గొంతు కూడా పొడవు మారాలి అని పలికించి చూపించండి.

ఒత్తుల విషయంలో ఒక చిన్న కిటుకు చెబుతాను. చాలా అక్షరాల ఒత్తు ఆ అక్షరం పోలికలోనే ఉంటుంది, పైన తలకట్టు ఉండదంతే. త, న, మ, య, ర, ల ఈ ఆరింటి ఒత్తులు మాత్రం వేరే ఆకారంలో ఉంటాయి. పిల్లలు గుర్తుపట్టలేనివి ఇవే. ఈ ఆరు ఒక కాగితం మీద పెద్దగా రాసి గోడకు అంటించండి: పుస్తకం, అన్నం, అమ్మ, అయ్య, చంద్రుడు, తల్లి. రోజుకో పదం చాలు. ముందు అదే అక్షరానికి అదే ఒత్తు వచ్చేవి (అక్క, అమ్మ, పువ్వు), అవి కుదిరాక వేరే ఒత్తు వచ్చేవి (పుస్తకం, చక్రం) చేయించండి. ఈ వరుస తిరగేస్తే పిల్లలకు టెన్షన్ ఎక్కువవుతుంది.

లెక్కల్లో దసరాలోగా రావాల్సింది పదులు, ఒకట్లు. పుల్లలు తీసి పదేసి చొప్పున రబ్బరు బ్యాండ్ వేయించండి. "నలభై మూడు ఇవ్వు" అంటే నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు ఇవ్వాలి. విడి పుల్లలు నలభై మూడు లెక్కపెడుతుంటే పదులు ఇంకా ఎక్కలేదు.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. థర్టీన్, థర్టీ రెండూ చెవికి ఒకేలా వినిపిస్తాయి, 13 రాయమంటే 30 రాస్తారు, లేదా 31 రాస్తారు. తెలుగులో ఇరవై దాటితే రాసిన వరుసలోనే పలుకుతాం: ఇరవై మూడు అంటే ముందు రెండు, తర్వాత మూడు. ఇది మనకు దొరికిన వరం. ముందు తెలుగులో సంఖ్య చెప్పించి, పుల్లల కట్టలు చూపించి, ఆ తర్వాతే ఇంగ్లీషు పేరు చెప్పండి. రెండు రాష్ట్రాల ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉండేది ఇలా వాడుకోవడానికే. చాలా ఇళ్లలో ఆ తెలుగు పేజీని ఎవరూ తెరిచి చూడరు.

మూడో తరగతి

ఈ తరగతి నుంచి "చదవడం నేర్చుకోవడం" తగ్గి, చదివి తెలుసుకోవడం మొదలవుతుంది. పరిసరాల విజ్ఞానం పుస్తకం వస్తుంది కదా, చదవలేని పిల్ల ఒకేసారి అన్నిట్లో వెనకబడుతుంది. మార్కులు ఉన్నట్టుండి పడిపోయేది మూడులోనే. పిల్ల బద్ధకస్తురాలైందని తిట్టే ముందు రెండో తరగతి కథ ఒకటి చదివించి చూడండి.

నోట్‌బుక్ చూడటం కూడా ఇక్కడ నేర్చుకోవాలి. ముత్యాల్లాంటి అక్షరాలు, ప్రతి పేజీకి టిక్కు, వెరీ గుడ్. ఆ నోట్‌బుక్కే తెరిచి, నిన్న రాసిన జవాబు చదవమనండి. తను రాసింది తను చదవలేని పిల్లలు నాకు ప్రతి ఏడాదీ కనపడతారు. బోర్డు మీది గీతల్ని గీతలుగా దింపుకున్నారంతే. అలాంటప్పుడు రాత పని సగానికి తగ్గించి, రాసిన ప్రతి వాక్యాన్నీ చదివించండి. దసరాకు ఒక పేరా చదివి, అందులో లేని మాటలతో, సొంతంగా రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. "కథలో ఎవరెవరున్నారు" అన్నది సులువు. "వాడు ఎందుకలా చేశాడంటావ్?" అని అడగండి, దానికి జవాబు వస్తే అర్థమైనట్టు.

ఇక తీసివేత. 52 నుంచి 27 తీసేయమనండి. 35 అని రాస్తే, తప్పు అని కొట్టేసి వదలకండి. ఎలా వచ్చిందో చెప్పమనండి. "ఏడులో రెండు పోతే ఐదు, ఐదులో రెండు పోతే మూడు" అంటుంది. రెండులో ఏడు పోదు కాబట్టి తిరగేసి తీసింది. దీన్ని పెన్సిల్‌తో నేర్పబోతే "పక్కింటికెళ్లి ఒకటి అప్పు తెచ్చుకో" అన్న మంత్రం తప్ప ఇంకేం మిగలదు. పుల్లలు తీయండి. ఐదు కట్టలు, రెండు విడివి. "నాకు ఇరవై ఏడు ఇవ్వు." ముందు ఏడు విడివి కావాలి, రెండే ఉన్నాయి. ఏం చేస్తావ్? చాలామంది పిల్లలు కాస్త ఆలోచించి, మీ మొహం చూసి, ఒక కట్ట రబ్బరు బ్యాండ్ తీసేస్తారు. ఆ క్షణం దాకా మీరు నోరు మెదపకుండా ఆగాలి, అదే కష్టం. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడివి. ఏడు ఇస్తే ఐదు, రెండు కట్టలు ఇస్తే రెండు. ఇరవై ఐదు. ఇలా నాలుగైదు లెక్కలు పుల్లలతో చేశాకే కాగితం మీదికి రండి. కట్ట విప్పడమే అప్పు తీసుకోవడం అని అప్పుడు వాళ్లే చెబుతారు.

ఎక్కాలు ఈ ఏడాది మొదలవుతాయి. రెండు, ఐదు, పది ముందు, తర్వాత మూడు, నాలుగు. "ఒక్కో ఆటోలో నలుగురు, మూడు ఆటోల్లో ఎంతమంది?" అన్నదానికి నాలుగు మూళ్లు పన్నెండని గానీ, నాలుగూ నాలుగూ నాలుగూ అని గానీ చెప్పాలి. ఎక్కం మొత్తం మొదటి నుంచి చదివితే తప్ప జవాబు రాకపోయినా ఈ వయసులో పర్వాలేదు.

పరిసరాల విజ్ఞానం గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ప్రశ్నలు జవాబులు బట్టీ పట్టించకండి చాలు. నీళ్ల పాఠం ఉంటే ఇంటికొచ్చే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ట్యాంకు దాకా తీసుకెళ్లి చూపించండి. కుటుంబం పాఠం ఉంటే అమ్మమ్మకు ఫోన్ చేయించి ఆవిడ చిన్నప్పటి బడి గురించి అడిగించండి.

నాలుగో తరగతి

తెలుగులో నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ లాంటివి వస్తాయి. నిర్వచనాలు ముఖ్యం కాదు. నాలుగైదు వాక్యాలు సొంతంగా, నిన్న జరిగింది రాయగలిగితే మిగతా వ్యాకరణం దాని వెంటే వస్తుంది. రోజూ మూడు వాక్యాల డైరీ పెట్టండి. తప్పులు ఎర్ర సిరాతో దిద్దకండి. ఒక్క పదం సరిచేసి, మిగతాది చదివి వాళ్లతో మాట్లాడండి.

లెక్కల్లో ముందు చూడాల్సింది పెద్ద సంఖ్యలు రాయడం. "నాలుగు వేల ఐదు" రాయమనండి. 40005 అని రాస్తే, విన్నది విన్నట్టు నాలుగు వేలు రాసి పక్కన ఐదు పెట్టిందన్నమాట. కొందరు 405 రాస్తారు. కాగితం మీద వేలు, వందలు, పదులు, ఒకట్లు అని నాలుగు గళ్లు గీసి, ఖాళీ గడిలో సున్నా కూర్చోవాలని చూపించండి. సున్నా ఉన్న సంఖ్యలే ఎక్కువగా ఇవ్వండి: 3070, 6002, 5400. సున్నా లేనివి అందరూ సరిగ్గానే రాస్తారు.

తర్వాత భిన్నాలు. "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అంటే నాలుగో వంతే అంటారు, మూడు కంటే నాలుగు పెద్దది కాబట్టి. దోసె వేసినప్పుడు అడగండి: ఒక్క దోసెను ముగ్గురు పంచుకుంటే నీకు ఎక్కువొస్తుందా, నలుగురు పంచుకుంటేనా? ఆకలి మీదున్న పిల్లలెవరూ దీనికి తప్పు చెప్పరు. మన భాషలో భిన్నాలు బజార్లోనే ఉన్నాయి. పావుకిలో వంకాయలు, అరకిలో టమాటాలు, ముప్పావు కిలో ఉల్లిపాయలు. సంచీ పట్టుకుని వెంట రానివ్వండి. పావు, అర, ముప్పావు, కిలో అంటే 250, 500, 750, 1000 గ్రాములని కాటా మీద చూసిన పిల్లకు, రెండు పావులు కలిస్తే అర అని నేర్పాల్సిన పని ఉండదు.

ఎక్కాలు పది వరకు ఈ ఏడాది నోటికి రావాలి, మధ్యలో ఎక్కడ అడిగినా. "ఏడెనిమిదులు?" అంటే యాభై ఆరు. భాగహారం కష్టంగా ఉందని వచ్చే పిల్లల్లో చాలామందికి భాగహారం బాగానే అర్థమవుతుంది, ఎక్కాల దగ్గరే ఆగిపోతారు.

ఐదో తరగతి

పెద్ద సంఖ్యలు లక్షల్లోకి వెళ్తాయి. 3,45,678 అని మన పద్ధతిలో కామాలు పెట్టడం రావాలి. కారణాంకాలు, గుణిజాలు, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం), గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) వస్తాయి. వీటికి మూలం ఎక్కాలను తిరగేసి చదవడమే. "24 ఏయే ఎక్కాల్లో వస్తుంది?" అని ఆటలా అడుగుతూ ఉండండి. క.సా.గు. పేరు వింటేనే భయపడే పిల్లకు ఇలా చెప్పి చూడండి: ఒక బస్సు ప్రతి 6 నిమిషాలకు, ఇంకో బస్సు ప్రతి 8 నిమిషాలకు బయల్దేరుతాయి. రెండూ ఇప్పుడు కలిసి బయల్దేరాయి, మళ్లీ ఎప్పుడు కలిసి బయల్దేరతాయి? 6, 12, 18, 24 అని ఒక వరుస, 8, 16, 24 అని ఇంకో వరుస రాసుకుంటూ పోతే 24 దగ్గర వాళ్లే ఆగుతారు.

మాటల లెక్కలు ఈ తరగతిలో పొడవుగా ఉంటాయి. "రవి దగ్గర 45 మామిడికాయలు, సీత దగ్గర 28. రవి దగ్గర ఎన్ని ఎక్కువ?" అంటే "ఎక్కువ" అన్న మాట చూడగానే కూడేస్తారు. ఇంగ్లీషులో "మోర్" అని ఉంటే మరీను. లెక్క చేయించే ముందు "ఇక్కడ ఏం జరిగిందో నాకు చెప్పు, అంకెలు వద్దు" అనండి. కథ చెప్పగలిగితే కూడాలో తీసేయాలో దానంతటదే తేలుతుంది.

తెలుగులో ఉత్తరం రాయడం, పద్యం భావం సొంత మాటల్లో చెప్పడం చూడండి. సెలవుల్లో ఊరికి రమ్మని తాతయ్యకు ఉత్తరం రాయించి నిజంగా పోస్టు చేయండి. ఐదో తరగతి పిల్ల రాసిన ఇన్‌లాండ్ లెటర్ తాతయ్య పెట్టెలో దాచుకోవడం నేను చూశాను.

రాకపోతే ఏం చేయాలి

మెట్టు దొరికాక రోజుకు ఇరవై నిమిషాలు చాలు, మీరు పక్కన కూర్చుంటే. పది నిమిషాలు చదవడం, పది నిమిషాలు వస్తువులతో లెక్క. నాలుగో తరగతి పాపకు ఒత్తులు రాకపోతే రెండో తరగతి పుస్తకమే తెరవండి. చెల్లి పుస్తకం అని చిన్నబుచ్చుకుంటుంది కాబట్టి "చెల్లికి చదివి వినిపించు" అని చెప్పండి, ఇద్దరికీ పని జరుగుతుంది.

గుట్టలు గుట్టలుగా హోంవర్క్ రాయించేది మాత్రం వద్దు. 2020 పాఠశాల బ్యాగు విధానంలోనే రెండో తరగతి దాకా హోంవర్క్ ఇవ్వొద్దని, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించొద్దని ఉంది. ఒకే పదం ఇరవైసార్లు రాస్తే చెయ్యి నొస్తుంది, పదం రాదు.

మీకు చదువు రాకపోయినా ఇవన్నీ చేయొచ్చు. దయచేసి "మాకేం తెలుసు టీచర్" అనుకోవద్దు. చింతపిక్కలు లెక్కపెట్టించడానికి, కట్టలు కట్టించడానికి, దోసె పంచడానికి చదువు అక్కర్లేదు. పిల్లను చదవమని, వేలు ఎక్కడుందో చూస్తే చాలు. "ఈ రోజు పాఠంలో ఏం జరిగింది?" అని అడిగి పూర్తిగా వినండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగిందంటే దానికి వచ్చినట్టే.

టీచర్‌ను కలిసినప్పుడు "మా వాడు ఎలా చదువుతున్నాడండీ?" అని అడిగితే "బాగానే చదువుతున్నాడు" అనే జవాబే వస్తుంది. ముప్పై మంది పిల్లలతో ఉన్నవాళ్లు అప్పటికప్పుడు ఇంకేం చెప్పగలరు? మీరు చూసింది చెప్పండి. "గుణింతాలు వస్తున్నాయి మేడమ్, య ఒత్తు, ర ఒత్తు దగ్గర ఆగుతున్నాడు. తీసివేతలో కట్ట విప్పడం ఈ వారమే వచ్చింది." ఇలా చెప్పే తల్లిదండ్రులు వస్తే మాకు ఎంత ధైర్యమో. మర్నాడు ఆ పిల్లాడి దగ్గర మేం ఆగే చోటు కూడా మారిపోతుంది.

చూసిన రోజున క్యాలెండర్ కాగితం వెనక తేదీ వేసి, వచ్చినవి ఒక పక్క, రానివి ఒక పక్క రాసి దాచండి. మూడు వారాల తర్వాత మళ్లీ ఒక ఆదివారం, అవే పదాలు వరుస మార్చి, అవే లెక్కలు అంకెలు మార్చి అడగండి. రాని వైపు ఉన్నవాటిలో వచ్చిన ప్రతిదాన్నీ పిల్లతోనే కొట్టించి, ఈ పక్కకు రాయించండి.